ప్లాస్టిక్ దానా: జాబితాకెక్కని సరఫరాదారులు

డబ్బాలు, సీసాలు, మూతలు, సంచులు తయారుచేసే చిన్నా పెద్దా పరిశ్రమల వాళ్ళందరూ కొన్నాళ్ళుగా ఒకే సరుకు కోసం వెతుకుతున్నారు. అది వాడి పారేసిన ప్లాస్టిక్‌ని కడిగి, కరిగించి, మళ్ళీ ముడిసరుకుగా మార్చిన గింజ. మార్కెట్లో దాన్ని దానా అంటారు. ప్లాస్టిక్ ప్యాకింగ్ మీద కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2022 ఫిబ్రవరి 16న మార్గదర్శకాలు ప్రకటించింది. గట్టి ప్లాస్టిక్‌తో చేసే ప్యాకింగ్‌లో 2025-26 నుంచి 30 శాతం ఈ పాత ప్లాస్టిక్ గింజ ఉండాలని, అది ఏటా పెరుగుతూ 2028-29 నాటికి 60 శాతానికి చేరాలని అందులో రాశారు. మెత్తటి కవర్లకి 10 శాతంతో, చిప్స్ ప్యాకెట్ల వంటి పొరల సరుకుకి 5 శాతంతో మొదలుపెట్టారు. దాంతో, కొత్త ప్లాస్టిక్ తప్ప ఇంకోటి ముట్టుకోని పెద్ద కంపెనీలు కూడా దానా ఎక్కడ దొరుకుతుంది, నమ్మకంగా ఎవరు సప్లయి చేస్తారని అడగడం మొదలుపెట్టాయి.

కాటేదాన్‌లో మూతలు, డబ్బాలు పోతపోసే చిన్న యూనిట్ ఒకటి మా పిన్ని కొడుకుది. వాడికీ ఆ ఒత్తిడే వచ్చింది. "అక్కా, పిహెచ్‌డి చేసినావు కదా, ఈ గెజిట్ ఇంగ్లీషు చదివి ఏమన్నడో చెప్పరాదు?" అని కాగితాల కట్ట తెచ్చి నా ముందు పడేశాడు. గెజిట్‌తోపాటు ఆ కట్టలో సరఫరాదారుల జాబితాలు కూడా ఉన్నాయి. కంపెనీ పేరు, ఊరు, ఏ రకం ప్లాస్టిక్, ఏ రంగు, కరిగినప్పుడు ఎంత వేగంగా జారుతుందో చెప్పే అంకె, నెలకి ఎన్ని టన్నులు ఇవ్వగలరు, ధర. నా పరిశోధన తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. పాలిమర్ల గురించి నాకేం తెలుసు? కానీ ఏ జాబితా కనబడినా ఇందులో ఎవరి పేరు లేదని చూసే అలవాటు మాత్రం నాకుంది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలు సేకరించి స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన తరం మాది. చరిత్రలో లేరంటే పనిలో లేరని కాదు, రాసినవాళ్ళు అడగలేదని ఆ పుస్తకం మాకు నేర్పింది. ఆ కళ్ళతోనే ఈ జాబితాలూ చదివాను. గింజ తయారుచేసిన మిషను వివరాలు అందులో పూర్తిగా ఉన్నాయి. మిషను దాకా ఆ ప్లాస్టిక్ ఎవరి చేతులమీదుగా వచ్చిందో మాత్రం ఒక్క ముక్క లేదు.

మన దేశంలో ప్లాస్టిక్ ముడిసరుకు తయారీ 1957లో పాలీస్టైరీన్‌తో మొదలైంది. ప్రభుత్వరంగంలో 1969లో ఐపిసిఎల్ ఏర్పడింది. దాని వడోదర కర్మాగారం 70ల చివరికి ఉత్పత్తిలోకొచ్చింది. ఇవన్నీ పరిశ్రమల చరిత్రల్లో దొరికే తేదీలే. వాటిలో దొరకని చరిత్ర ప్లాస్టిక్ బిందెది. ఇత్తడి బిందె, ఆ తర్వాత స్టీలు బిందె మోసిన ఆడవాళ్ళ చంకలోకి ప్లాస్టిక్ బిందె వచ్చినప్పుడు తగ్గిన బరువెంతో ఏ గణాంకాల పుస్తకమూ లెక్కవెయ్యలేదు. పంపుల దగ్గర, ట్యాంకర్ల దగ్గర ఎరుపు, పసుపు, నీలం బిందెల బారులు పత్రికల్లో ఎండాకాలానికి గుర్తుగా మిగిలిపోయాయి. ఫొటోలో బిందెలే ముందుంటాయి, ఆడవాళ్ళు వెనకుంటారు. ప్లాస్టిక్ వద్దని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, మైలు దూరం నుంచి నీళ్ళు మోసుకొచ్చే మనిషికి ఆ తేలికతనం చిన్న విషయం కాదు. ఇక్కడ నేను పర్యావరణవాద మిత్రులతో కొంచెం విభేదిస్తాను.

బిందె పగిలితే పారేసేవాళ్ళు కాదు. పాత ఇనప సామాన్లు కొంటామని వీధిలో కేకవేసే మనిషి కొన్నాళ్ళకి ప్లాస్టిక్ కూడా తీసుకోవడం మొదలుపెట్టాడు. తెలంగాణ పల్లెల్లో పగిలిన ప్లాస్టిక్‌కీ, తుప్పు ఇనుముకీ బదులుగా ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు ఇచ్చేవాళ్ళు వచ్చేవారు. పాత చీరలిచ్చి కొత్త ప్లాస్టిక్ టబ్బు తీసుకునే బేరాలు ఆంధ్రాలోనూ, ఇక్కడా మనందరం చూసినవే. ఆ బేరంలో ఇంటి తరఫున నిలబడేది ఎప్పుడూ ఆడమనిషే. డబ్బు చేతులు మారదు కాబట్టి ఇంట్లో మగవాళ్ళకి లెక్క చెప్పక్కర్లేని బేరం అది. ఇళ్ళల్లో దాచిపెట్టిన పాత ప్లాస్టిక్ అట్లా కొట్లకి చేరింది. లైసెన్సులు, దిగుమతి సుంకాల కాలంలో కొత్త ముడిసరుకు ఖరీదూ ఎక్కువే, దొరకడమూ కష్టమే. చిన్న చిన్న అచ్చు యంత్రాలు పెట్టుకున్నవాళ్ళు దానా మీదే బతికారు. చవక చెప్పులు, బకెట్లు, నల్ల పైపులు ఆ గింజతో వచ్చినవే. ముంబయి ధారావిలో పదమూడో కాంపౌండ్ అనే చోటంతా ఈ పనితోనే నిండిపోయింది. రీసైక్లింగ్ అనే మాట మనకి ఫ్యాషన్ కాకముందే ఆ పని నడిచింది.

ఇంతకీ దానా ఎలా తయారవుతుంది? ఏరుకొచ్చిన ప్లాస్టిక్ చిన్న కొట్టుకి పోతుంది. అక్కణ్ణించి గోడౌన్‌కి. అక్కడ రకాలవారీగా వేరుచేస్తారు. తర్వాత ముక్కలుగా గ్రైండ్ చేసి, కడిగి, ఆరబెట్టి, కరిగించి దారాల్లా బయటికి లాగుతారు. ఆ దారాలు నీళ్ళ తొట్టిలో చల్లబడ్డాక గింజలుగా కత్తిరించి పాతిక కిలోల సంచుల్లో నింపుతారు. బయటినుంచి చూస్తే ఇందులో ప్రధానమైనది కరిగించే మిషనే అనిపిస్తుంది. పెట్టుబడి దానిమీదే, బ్యాంకు అప్పు దానిమీదే, పూజ దానికే. కానీ గింజ మంచీ చెడూ తేలిపోయేది అంతకుముందే, నేలమీద కూర్చుని వేరుచేసే చోట.

ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. నీళ్ళ సీసాలు పి.ఇ.టి. దానిమీది మూత ఇంకో రకం. షాంపూ డబ్బాలు హెచ్.డి., పాల ప్యాకెట్లు ఎల్.డి. తరహావి, హోటలువాళ్ళు కూరలు పోసిచ్చే డబ్బాలు పి.పి., గొట్టాలు పి.వి.సి. ఒకటి కరిగే వేడికి ఇంకోటి కరగదు. ఒకదాంట్లో ఇంకోటి కలవదు. పి.ఇ.టి. కరగడానికి 250 డిగ్రీలు దాటాలి. అంత వేడికి పి.వి.సి. విరిగిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాయువుగా వదులుతుంది. కొద్దిపాటి పి.వి.సి. పొరపాటున కలిసినా సరుకంతా పసుపెక్కి పెళుసై పోతుంది. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం తెచ్చిన త్రికోణం గుర్తు, అందులో ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు ఈ తేడా కోసమే. అయితే చెత్తలో దొరికే ముక్కల మీద ఆ గుర్తు ఎప్పుడూ ఉండదు. ఉన్నా చెరిగిపోయి ఉంటుంది. అప్పుడు మిగిలేది చెయ్యి, చెవి, ముక్కు. వంచితే తెల్లగీత పడుతుందా, నేలమీద పడేస్తే రేకులా మోగుతుందా, నీళ్ళలో తేలుతుందా మునుగుతుందా, కొస కాలిస్తే కొవ్వొత్తి వాసనా లేక ముక్కు మండించే ఘాటా? తేలేవి హెచ్.డి., ఎల్.డి., పి.పి. మునిగేవి పి.వి.సి., పి.ఇ.టి. ప్రయోగశాలలో పరికరాలు చెప్పే సంగతినే ఈ ఆడవాళ్ళు అరక్షణంలో చెప్పేస్తారు.

కాటేదాన్‌లో మా తమ్ముడు దానా కొనడానికి వెళ్ళిన ఒక గోడౌన్‌కి నేనూ వెళ్ళాను. పన్నెండుమంది ఆడవాళ్ళు గుట్టలమధ్య కూర్చుని వేరుచేస్తున్నారు. పాలమూరు వైపునుంచి వచ్చిన ఒకామె, యాభై దాటి ఉంటాయి, నన్ను పక్కన కూచోబెట్టుకుంది. "పదేండ్లసంది గిదే పని బిడ్డా. చేతుల వట్టుకుంటెనే ఎర్కైతది. గిది హెచ్‌డి, గిది పీపీ. గా మిషినోనికేమెర్క? మేమేసింది కరగవెడ్తడు" అంది. చెబుతూనే ఒక సీసా మెడమీది ప్లాస్టిక్ ఉంగరాన్ని చాకుతో కోసి వేరే బుట్టలో వేసింది. నాకు ఆ రెండూ ఒకలాగే కనిపించాయి. మిషను మీద పనిచేసే కుర్రాడికి ఆమె కూలికి దాదాపు రెట్టింపు వస్తుందట. కూలి పుస్తకంలో అతను ఆపరేటరు. ఆమె 'అన్‌స్కిల్డ్'.

ఈ 'అన్‌స్కిల్డ్' అనే మాటే స్త్రీవాద చరిత్రకారులు ఎన్నో రంగాల్లో పట్టుకుని ప్రశ్నించిన మాట. నాట్లు వేసే చేతికి, బీడీ చుట్టే చేతికి, రాట్నం తిప్పిన చేతికి నైపుణ్యం లేదని రాసింది ఎవరు? ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరడం నేర్చుకున్న చెయ్యి కాబట్టి ఇక్కడ ప్లాస్టిక్ ఏరడం దానికి పుట్టుకతోనే వచ్చేసిందని లెక్క. నేర్చుకున్నదాన్ని స్వభావం అనేస్తే దానికి జీతం ఇవ్వక్కర్లేదు. ఇదే వ్యాపారంలో కొత్త ముడిసరుకుని 'వర్జిన్' అంటారు, వాడినదాన్ని 'సెకండ్స్' అంటారు. వర్జిన్‌కి గౌరవమూ ఎక్కువే, ధరా ఎక్కువే. పితృస్వామ్యం భాష గురించి వ్యాసాలు రాసే మనకి ఇంతకన్నా మంచి ఉదాహరణ ప్లాస్టిక్ మార్కెట్లో దొరుకుతుందని ఎవరనుకున్నారు!

ఏరే పనిలోకి ఈ స్త్రీలు ఎలా వచ్చారనేదానికి పుణే చరిత్రలో స్పష్టమైన సమాధానం దొరుకుతుంది. 1972లో మహారాష్ట్రని పెద్ద కరువు పట్టుకుంది. మరాఠ్వాడా పల్లెల్లో భూమి లేని దళిత కుటుంబాలు పొట్ట చేతపట్టుకుని పట్నాలకొచ్చాయి. పుణేలో వాళ్ళలో ఎందరో ఆడవాళ్ళకి ఇళ్ళల్లో పాచిపని కూడా దొరకలేదు. వంటింట్లోకి కులం అడ్డొచ్చింది. ఎవరి అనుమతీ అడగక్కర్లేని పని ఒకటే మిగిలింది, చెత్తకుండీ దగ్గరది. అహ్మదాబాద్‌లో మిల్లులు మూతపడ్డప్పుడు కూడా చాలా కుటుంబాల్లో ఆడవాళ్ళు చిత్తుకాగితాలు ఏరే పనిలోకి వచ్చారు. 1972లోనే ఇలా భట్ అక్కడ స్థాపించిన సేవా సంఘం ఇలాంటి స్త్రీలని కార్మికులని పిలవడానికే పోరాడాల్సి వచ్చింది. యజమాని లేకుండా కార్మికురాలు ఎట్లా అవుతుందన్నది అప్పటి ప్రశ్న.

పుణేలో కథ చదువు చెప్పే కార్యక్రమంతో మొదలైంది. 1990లో ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయం వాళ్ళు చెత్త ఏరేవాళ్ళ మధ్య వయోజన విద్య మొదలుపెట్టారు. పూర్ణిమా చికర్మనే, లక్ష్మీ నారాయణ్ ఆ పనిలో ముఖ్యులు. కుండీలో కెలికి తీసినదానికంటే ఇళ్ళ దగ్గరే వేరుచేసి ఇచ్చినది తీసుకుంటే సరుకు శుభ్రంగా ఉంటుంది, పని గంటలు తగ్గుతాయి, ధర పెరుగుతుందని వాళ్ళకి అనుభవంలో తెలిసింది. కానీ ఆ ఇళ్ళ దగ్గరికే ఒక ప్రైవేటు వ్యక్తి బండి తెచ్చి చెత్త సేకరణ మొదలుపెట్టేసరికి ఉన్న కాస్తా పోయే పరిస్థితి వచ్చింది. ఆడవాళ్ళు రోడ్డుమీదకొచ్చి అడ్డుకున్నారు. చెత్తకి విలువ ఉందని తేలగానే అది ఎవరిదన్న తగువు రావడం, బండీ పెట్టుబడీ ఉన్నవాడు ముందుకు రావడం అక్కడితో ఆగలేదు. తర్వాత ఎన్నో నగరాల్లో మళ్ళీ మళ్ళీ జరిగింది. 1993లో హమాలీల నాయకుడు బాబా ఆఢావ్ అధ్యక్షతన సభ జరిగి కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అనే సంఘం పుట్టింది. కాగితం, గాజు, రేకు ఏరే కష్టజీవుల పంచాయతీ అన్నమాట. ఆ పేరులో ప్లాస్టిక్ లేదు! 1993లో కూడా వాళ్ళ సంచుల్లో ముఖ్యమైనవి కాగితం, సీసా పెంకులు, డబ్బా రేకులే కావాలి. ఈ రోజు అదే పేరుతో ఉన్న సంఘం సభ్యుల సంచుల్లో ప్లాస్టిక్‌కి ఎంత చోటుందో చూస్తే, మన ఇళ్ళ చరిత్ర ముప్పై ఏళ్ళలో ఎటు తిరిగిందో తెలుస్తుంది.

ఆ సంఘం ఒత్తిడితో 1995-96లో పుణే నగరపాలక సంస్థ వీళ్ళ గుర్తింపు కార్డులని ఆమోదించింది. కార్డు అంటే మనకి పర్సులో బరువు. చెత్త ఏరే స్త్రీకి తెల్లవారుజామున సంచితో కనిపిస్తే దొంగతనం అంటగట్టే పోలీసుకి చూపించాల్సిన జవాబు అది. 2008లో స్వచ్ఛ్ అనే సహకార సంస్థ నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటి సేకరణ మొదలుపెట్టింది. నగరంతో ఒప్పందం గడువు ముగిసిన ప్రతిసారీ తర్వాత ఏమవుతుందన్న భయం మాత్రం వాళ్ళని వదల్లేదు. సంఘం తనదే ఒక పాతసామాన్ల కొట్టు కూడా పెట్టింది. దాని పేరు కష్టాచీ కమాయి, అంటే కష్టార్జితం. తూకంలో మోసం ఉండదు, వచ్చిన లాభంలో ఏరినవాళ్ళకి వాటా ఉంటుంది. దానాకి సప్లయరు ఎవరని అడిగేవాళ్ళకి ఆ కొట్టు ఒక జవాబు. మన జాబితాల్లో ఇలాంటివి ఉండవు. ఎందుకంటే అది గింజ అమ్మదు, గింజకి ముందుదాన్ని అమ్ముతుంది.

ముంబయిలో 1975లో ఏర్పడ్డ స్త్రీ ముక్తి సంఘటన పేరు మన స్త్రీవాదులకి 'ముల్గీ ఝాలీ హో' నాటకం వల్ల తెలుసు. జ్యోతి మ్హాప్సేకర్ రాసిన ఆ నాటకం 1983లో వచ్చింది, ఆడపిల్ల పుట్టిందన్న ఏడుపు మీద. అదే సంఘం తర్వాత పరిసర్ వికాస్ పేరుతో చెత్త ఏరే స్త్రీలని సంఘటితం చేసింది. నాటకం గురించి సాహిత్య సభల్లో మాట్లాడుకున్నంతగా ఈ రెండో పని గురించి మనం మాట్లాడుకోలేదు. మన దగ్గరా అంతే. 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు' తెచ్చాక దళిత స్త్రీల శ్రమ మన చర్చల్లోకి కొంత వచ్చింది గానీ, చెత్త ఏరే స్త్రీని రచయితలు ఎక్కువగా దయనీయమైన చిత్రంగానే చూశారు. వెనక సంచి, పక్కన కుక్క, చంకలో పిల్ల. ఆమె ఏ సరుకు ఏ ధరకి అమ్ముతుంది, కొట్టువాడికి ఎంత బాకీ, ఏ వీధి ఆమెది అని అడిగిన కథ నాకు కనబడలేదు.

చట్టాల సంగతి చూద్దాం. 1998లో భారతీయ ప్రమాణాల సంస్థ రీసైకిల్డ్ ప్లాస్టిక్ మీద ఐఎస్ 14534, ఐఎస్ 14535 అని రెండు ప్రమాణాలు తెచ్చింది. 1999 నిబంధనలు పాత ప్లాస్టిక్‌తో చేసిన సంచుల్లో తినే పదార్థాలు పెట్టకూడదన్నాయి. సంచి మందం కనీసం 20 మైక్రాన్లు ఉండాలన్నాయి. ఆ అంకె 2011లో 40, 2016లో 50, 2021లో 75, 2022 డిసెంబరు ఆఖరుకి 120 అయింది. మందం గురించి ఇంత శ్రద్ధ! 2016 నిబంధనల్లో చెత్త ఏరేవాళ్ళకి నిర్వచనం కూడా ఇచ్చారు. పనికొచ్చే ప్లాస్టిక్ వ్యర్థాలు ఏరడానికి స్వచ్ఛందంగా పూనుకున్నవారు లేదా అధికారిక అనుమతి ఉన్నవారు అని దాని సారాంశం. స్వచ్ఛందంగా! కరువుకి ఊరొదిలి, కులం వల్ల వంటిల్లు దొరక్క, కుండీ దగ్గర చేరినవాళ్ళు స్వచ్ఛందంగా పూనుకున్నారట. ఇష్టపడి చేసే సేవకి కూలి అడగరు కదా. ఇంటిచాకిరీని ప్రేమ అన్నట్టే ఇదీ.

2022 మార్గదర్శకాలు ఒక అడుగు ముందుకేశాయి, ఇంకో అడుగు వెనక్కి. ప్లాస్టిక్ తయారుచేసేవాళ్ళు, దిగుమతి చేసుకునేవాళ్ళు, తమ బ్రాండు పేరుతో అమ్ముకునేవాళ్ళు బాధ్యత వహించాలి. రీసైకిల్ చేసే కర్మాగారం వాళ్ళకి సర్టిఫికెట్ అమ్ముతుంది. ఈ నాలుగు వర్గాలకీ పోర్టల్లో నమోదు ఉంది, లావాదేవీ ఉంది. ఏరిన మనిషి ఈ నాలుగింట్లో ఏదీ కాదు. అంటే గింజకి ధర ఒకటి, ఆ గింజ తయారైందని చెప్పే కాగితానికి ధర ఇంకోటి, రెండూ కర్మాగారం దగ్గరే ఆగుతాయి. అందులోంచి కింద ఏరే మనిషిదాకా ఎంత చేరాలో చెప్పే ఏర్పాటు లేదు. కాగితానికి ధర వచ్చాక కాగితమే పుడుతుంది కూడా. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే కొన్ని కర్మాగారాల పేరుమీద లక్షల సంఖ్యలో బోగస్ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ఏరకుండానే, కరిగించకుండానే పుట్టిన రీసైక్లింగ్ అది. పాలమూరు ఆమె చేతిలో ఒక రోజు పోగయ్యే గుట్టని మాత్రం కళ్ళారా చూడొచ్చు.

ధరల గురించి కొద్దిగా. దానా ధర చమురు ధరతో కట్టేసి ఉంటుంది. చమురు పడిపోతే కొత్త ప్లాస్టిక్ చవకవుతుంది, పాతదాన్ని ఎవరూ అడగరు. 2008 చివర ప్రపంచమంతా ఆర్థికసంక్షోభం వచ్చినప్పుడు, 2020లో లాక్‌డౌన్ నాడు అదే జరిగింది. దెబ్బ పైనుంచి కిందికి వేగంగా దిగుతుంది, లాభం నెమ్మదిగా. 2018లో చైనా విదేశీ ప్లాస్టిక్ చెత్తకి తలుపులు మూసింది. మన దేశం 2019 మార్చిలో ప్లాస్టిక్ చెత్త దిగుమతిని నిషేధించింది. మన చెత్తకే గిరాకీ పెరగాల్సిన రోజులవి. 2021 అక్టోబరులో పాత ప్లాస్టిక్ మీద జి.ఎస్.టి. 5 నుంచి 18 శాతానికి పెరిగింది. పెంచిన పన్ను కొట్టువాడు తన జేబులోంచి కట్టుకుంటాడని ఎవరైనా నమ్ముతారా?

బెంగుళూరులో నళినీ శేఖర్ తదితరులు కట్టిన హసిరు దళ, చెత్త ఏరేవాళ్ళతో పనిచేస్తోంది. 2019లో ఒక బ్రిటిష్ సౌందర్యసాధనాల కంపెనీ, బాడీ షాప్, తన సీసాలకోసం బెంగుళూరులో ఏరిన ప్లాస్టిక్‌ని న్యాయమైన ధరకి కొంటామని ముందుకొచ్చింది. ప్లాస్టిక్స్ ఫర్ చేంజ్ అనే సంస్థా, హసిరు దళా అందులో భాగస్వాములు. సప్లయరు ఎవరన్న ప్రశ్నకి జవాబు ఏరిన మనిషి దాకా వెళ్ళిన సందర్భం అది, అందుకు నాకు గౌరవం. కానీ కొనేవాడి మంచితనం మీద నిలబడ్డ ధర ఎంతకాలం? 2024 ఫిబ్రవరిలో ఆ కంపెనీ బ్రిటన్ శాఖ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. అందుకే పుణే స్త్రీలు దానం అడగలేదు, హక్కు అడిగారు. ఊరి చెత్తమీద మొదటి హక్కు అది ఏరి బతికినవాళ్ళదని.

ఈ మాటంటే నాకు ఎదురయ్యే ప్రశ్న తెలుసు. ఈ పనిని హక్కుగా అడగడమంటే కులం అంటగట్టిన పనిని శాశ్వతం చేయడం కాదా? దళిత స్త్రీవాద మిత్రులు అడిగే ఈ ప్రశ్న తేలికైంది కాదు. గాజుపెంకుకి కోసుకున్న వేళ్ళు, సూది గుచ్చుకున్న అరచేయి చూశాక ఈ పనిని ఎవరూ కీర్తించలేరు. నేను గోడౌన్లో చూసిన ఏ స్త్రీ కూడా తన కూతురు ఈ పనిలోకి రావాలని కోరుకోలేదు. కానీ ఇప్పుడు జరుగుతున్నది పని పోవడం కాదు, పనిలోంచి ఆడవాళ్ళు పోవడం. ఏరితే పాతికపైసలు రాని రోజుల్లో కుండీ వాళ్ళది. సర్టిఫికెట్‌కి ధర పలికే రోజుల్లో టెండరు వేరేవాళ్ళది. చేతులకి గ్లవ్స్, వేరుచేయడానికి ఎత్తు బల్ల, కన్వేయరు బెల్టు వచ్చి పని మనిషి చేసేలా మారే వేళకి అక్కడ వాళ్ళుండరు. అంటరాని పనిగా ఉన్నంతకాలం చేసినవాళ్ళకే ఆ పని పరిశ్రమగా మారినప్పుడు చోటు లేకపోవడాన్ని విముక్తి అనడానికి నాకు నోరు రాదు. 2024లో కేంద్రప్రభుత్వం నమస్తే పథకాన్ని చెత్త ఏరేవాళ్ళకి కూడా విస్తరించింది. పేర్లు రాసుకుంటున్నారు. పేరు రాయడం మంచిదే, ఏ వరుసలో రాస్తారన్నదే చూడాలి.

మా తమ్ముడికి సరుకు అమ్మబోయే గోడౌన్‌ని ఒక పెద్ద కొనుగోలుదారు తరఫు మనిషి తనిఖీ చేశాడు. ఆ ఫారం నేనే తెలుగులోకి చేసిపెట్టాను. నాలుగు పేజీలు. అగ్నిమాపక సిలిండరు ఉందా, బాలకార్మికులున్నారా, నీళ్ళు శుద్ధిచేసే తొట్టి ఉందా, గింజ నమూనా పరీక్షకి పంపారా అని అన్నీ ఉన్నాయి. అన్నిటికీ టిక్కులు పడ్డాయి. పాలమూరు ఆమె పొద్దున ఇంటిదగ్గర చాయ్ తాగాక సాయంత్రం ఇంటికి పోయేదాకా నీళ్ళు తాగదు. గోడౌన్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. ఆ మాట ఫారంలో ఎక్కడా అడగలేదు. చివరి పేజీ అడుగున 'ఇతర వివరాలు' అని రెండు ఖాళీ గీతలున్నాయి. తర్జుమా చేసినదాన్ని కాబట్టి ఆ గీతలమీద పన్నెండుమంది స్త్రీలు, మరుగుదొడ్డి లేదు, కూలి ఇంత, మిషను ఆపరేటరు కూలి ఇంత అని రాశాను. మా తమ్ముడు చదివి కాసేపు ఊరుకున్నాడు. "అక్కా, గిట్ల రాస్తే ఆర్డరొస్తదా?" అన్నాడు. కొట్టెయ్యలేదు. సంతకం పెట్టి పంపాడు.